గురకలో ముప్పై అయిదు మార్కులు

గిద్దలూరు పట్టణ మరియు పరిసర గ్రామాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ నెల పన్నెండు నుంచి పద్దెనిమిది వరకు మీ మీ గురకలు ఉచితంగా వినబడును. కావున గురక కలిగిన వారందరూ ఆధార్ కార్డుతో వచ్చి ఈ సదవకాశాన్ని వినియోగించుకోవలసిందిగా కోరుచున్నాము.

మైకు కట్టిన ఆటో ఒకటి రెండు రోజులపాటు ఊరంతా తిరిగి ఈ మాట చెప్పింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. సంతోషించారు. మంచినీళ్లు రావడం లేదని ఊరు ఏళ్ల తరబడి చెప్పుకుంది, ఎవరూ వినలేదు. వచ్చే నీళ్లలో ఫ్లోరైడు ఉందని పళ్లు చూపించి మరీ చెప్పుకుంది, అదీ వినలేదు. మేలుకొని చెప్పిన మాట ఒక్కటీ విననివాళ్లు నిద్రలో చేసే చప్పుడు వింటామని ఖర్చు పెట్టుకుని మనిషిని పంపారంటే, అది అభివృద్ధి కాక మరేమిటి?

అందరికంటే ఎక్కువ సంతోషించింది రామతులసమ్మ. రాచర్ల గేటు దగ్గర పప్పుల దుకాణం నడిపే ఆదినారాయణ శెట్టి భార్య.

ఆదినారాయణకు అరవై రెండేళ్లు. బీపీ ఉంది, షుగరు ఉంది, మెడ లేదు. ఆయన గురక పెడతాడు. అది నేరం కాదు. ఆ గురక మధ్యలో ఆగిపోతుంది. గురకతోపాటు ఊపిరీ ఆగిపోతుంది. అదీ నేరం కాదు కానీ, పక్కన పడుకున్న మనిషికి కొంచెం ఇబ్బంది. ఆగగానే రామతులసమ్మ లెక్క మొదలుపెడుతుంది. తరతరాలుగా ధాన్యం కొలిచిన ఇంటి పిల్ల కనుక ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. పన్నెండు దాకా ఓపిక పడుతుంది. పద్దెనిమిదికి చూపుడువేలితో ఆయన కుడి డొక్కలో పొడుస్తుంది. ఆయన గుర్రుమని ఊపిరి లాగి అటు తిరుగుతాడు. ఆమె మళ్లీ లాభం దగ్గరికి వస్తుంది.

ఇరవై రెండేళ్లుగా ఇదే ఉద్యోగం. దుకాణంలో గుమాస్తాకు అమావాస్య నాడు సెలవు ఉంది. ఈమెకు అదీ లేదు.

రాత్రి సరిగా నిద్ర లేక ఆదినారాయణ పగలు గల్లాపెట్టె దగ్గర కునుకుతాడు. కందిపప్పు తూచమంటే తక్కెడలో పోస్తూ పోస్తూ నిద్రలోకి జారుకుంటాడు. మంచివాళ్లు వెంటనే లేపుతారు. తెలివైనవాళ్లు ఇంకాస్త పోసేదాకా ఆగి లేపుతారు. ఒకసారి రైల్వే గేటు పడితే స్కూటరు మీదే నిద్రపోయాడు. గేటు ఎత్తినా లేవలేదు. లారీలవాళ్లు హారన్లు కొట్టి కొట్టి పక్కనుంచి పోయారు. శెట్టిగారిది ప్రశాంత స్వభావమని ఊళ్లో పేరు.

ఈ సంగతి రామతులసమ్మ చెప్పని మనిషి లేడు. ఆర్.ఎం.పి. డాక్టరు గ్యాసు అన్నాడు. జాతకం చూసినాయన శని అన్నాడు. కొడుకు భ్రమ అన్నాడు. ఆదినారాయణ అయితే తనకసలు గురకే లేదన్నాడు.

“ఉంటే నాకు వినపడొద్దా? ఇన్నేండ్లలో ఒక్క రోజన్నా నాకు వినపళ్లేదే!” అన్నాడు.

ఇంటి యజమాని సాక్ష్యం ఇచ్చాక ఇక కేసు నిలవదు.

అందుకే ఆటో తిరిగిపోయిన మర్నాడు పొద్దున్నే ఆమె భర్తను బతిమాలి, బామాలి, కల్యాణ మండపం వరండాలో వేసిన బల్ల దగ్గరికి తీసుకుపోయింది. బల్ల వెనక మణిదీప్ అనే ముప్పై ఏళ్ల మనిషి కూర్చున్నాడు. మెడలో తాడు, తాడుకు కంపెనీ కార్డు, పక్కన సంచి నిండా ఫోన్లు. పద్ధతి చాలా తేలిక. రాత్రి ఆ ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకోవాలి. అది రాత్రంతా విని, విన్నది కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరు ఒక కాగితం ఇస్తుంది.

“గురక ఎంత గట్టిగా ఉందో చూస్తాదా నాయనా?” అని అడిగింది రామతులసమ్మ.

“గట్టిదనం కాదు పెద్దమ్మా. యాడ ఆగుతాది, ఎంతసేపు ఆగుతాది, మళ్ల ఎట్ల మొదలవుతాది, అది వింటాది. ఇరవై సెకన్లన్నా ఆగితేనే లెక్కకు రాసుకుంటాది. గురక ఆగినప్పుడే గదా ఊపిరి ఆగేది.”

రామతులసమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై రెండేళ్లకు తన భాష తెలిసిన మనిషి కనబడ్డాడు.

“నేను వినేదీ అదే నాయనా. రోజూ రాత్రి అదే వింటా.”

“మీ దగ్గర డేటా ఉందా?”

“ఏంది?”

“రికార్డింగు పెద్దమ్మా. ఏమన్నా.”

“నా చెవులుండాయి.”

“చెవులు అప్‌లోడ్ కావు,” అని మణిదీప్ జాలిగా చెప్పి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. “ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి. రాత్రికి మామూలుగా ఎట్ల ఉంటారో అట్లనే ఉండండి. కొత్తగా ఏం చేయొద్దు. అప్పుడే కరెక్టుగా వస్తాది.”

ఆమె ఆ మాటను అక్షరాలా పాటించింది. మామూలుగా ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. అంటే తెల్లవారేదాకా పొడుస్తూనే ఉంది.

వారం తిరిగేసరికి కాగితాలు వచ్చాయి. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ప్రతి కాగితం మధ్యలో పెద్ద సున్నా చుట్టి, లోపల ఒక అంకె వేశారు. చిన్న అంకె అయితే సున్నా పచ్చగా ఉంది, పెద్ద అంకె అయితే ఎర్రగా ఉంది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతుందో ఆ లెక్కే ఈ అంకె అనీ, ముప్పై దాటితే ప్రాణానికి ముప్పు అనీ కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. అది చదవాలంటే భూతద్దం కావాలి, ఇంగ్లీషు రావాలి, చదువుదామన్న బుద్ధి పుట్టాలి. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉన్నవాళ్లు ఆ రోజు ఊళ్లో లేరు. మణిదీప్ అప్పటికే ఫోన్లు సర్దుకుని కంభం క్యాంపుకు వెళ్లిపోయాడు. అతని ఉద్యోగం వినడం వరకే. వివరించడం వేరే డిపార్టుమెంటు.

కాగితాలన్నీ రిటైర్డ్ హెడ్మాస్టరు ఏబేలు గారి దగ్గరికి చేరాయి. ముప్పై నాలుగేళ్లు పదో తరగతి పరీక్షలు నడిపిన అనుభవం ఆయనది. కళ్లజోడు సర్దుకుని అంకెలు చూశాడు. ఒక్క నిమిషంలో తేల్చేశాడు.

“ముప్పై అయిదు దాటినవాళ్లు పాసు. తక్కినవాళ్లు ఫెయిలు. ఇందులో తికమక ఏముంది?”

“ఎర్రగా ఉంది గదా సార్, ఏమన్నా ప్రమాదమేమో?” అని ఎవరో గుంపులోంచి అన్నారు.

“ఎర్ర సిరాతో వేసేది ఏంది నాయనా? మార్కులే గదా!”

దీనికి ఎదురు చెప్పగలిగిన మనిషి పడమటి ప్రకాశం జిల్లాలో లేడు.

ఆ సాయంత్రానికి గిద్దలూరు రెండుగా చీలింది. పాసైనవాళ్లు లడ్లు పంచారు. ఫెయిలైనవాళ్లు తలుపులు వేసుకున్నారు. ఆదినారాయణ దుకాణానికి రెండు దుకాణాల అవతల ఎరువులు అమ్మే గోవిందయ్యకు యాభై ఎనిమిది వచ్చాయి. రెండు మార్కుల్లో ఫస్టుక్లాసు పోయిందని ఆయన రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. అయినా అభిమానులు ఊరుకోలేదు. “గురకలో 58 సాధించిన మా గోవిందయ్య అన్నకు శుభాకాంక్షలు” అని నిద్రపోతున్న ఫొటోతో గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు.

మార్కాపురంలో ఎవరికో అరవై ఒకటి వచ్చిందన్న కబురు బస్సులో వచ్చింది. ఊరికి నిద్ర పట్టలేదు. పలకలు వాళ్లవే, పెద్ద గుడి వాళ్లదే, చివరికి గురక కూడా వాళ్లదే అయితే మనకేం మిగిలిందని యువకులు అడిగారు. వెంటనే ఒక కోచింగ్ సెంటరు తెరిచారు. వెల్లకిలా పడుకోవడం, రాత్రి పదకొండు దాటాక మాంసం తినడం, తిన్న వెంటనే పడుకోవడం అక్కడి ముఖ్య సబ్జెక్టులు. స్పెషల్ బ్యాచ్‌లో మందు కూడా ఉంది. నెల తిరిగేసరికి మామూలుగా ఊపిరి పీల్చుకునే మనుషులు కూడా అరగంటకోసారి ఉక్కిరిబిక్కిరి కావడం నేర్చుకున్నారు. యర్రగొండపాలెం నుంచి వచ్చిన పెళ్లివారు అబ్బాయి జీతం అడిగి, తర్వాత మార్కుల కాగితం అడిగారు.

జిల్లా ఫస్టు మాత్రం గొర్రెలు మేపుకునే యల్లయ్యకు వచ్చింది. నూటపన్నెండు. ఆ రాత్రి ఆయన ఎవరిదో కంది చేలో మంద కట్టి, ఫోను తల దగ్గర పెట్టుకుని మంద నడిమధ్య పడుకున్నాడు. రెండు వందల గొర్రెలు, రెండు కుక్కలు, ఒక యల్లయ్య కలిసి సాధించిన ఫలితం అది.

“అయి నావి కావు సారూ, జీవాలయి,” అని యల్లయ్య నిజాయితీగా చెప్పుకున్నాడు.

నూటికి నూటపన్నెండు ఎట్లా వస్తాయని ఏబేలు గారు ఒక పూట ఆలోచించి, గ్రామీణ ప్రాంతం కాబట్టి గ్రేసు మార్కులు కలిపి ఉంటారని వివరణ ఇచ్చాడు.

ఇంతకూ ఆదినారాయణకు వచ్చింది నాలుగు.

ఆయన రెండు రోజులు దుకాణం తెరవలేదు. మూడో రోజు భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“నా పరువు తీసినావు గదే! గోవిందయ్యకు యాభై ఎనిమిది అంట. తిరుపతి బస్సులో వాని గురక నేను వినలేదా? నా దాంట్లో సగం ఉండదు!”

“అట్లయితే మీరు గురక పెడతారని ఒప్పుకున్నట్టే గదా?”

“పెడతా. బ్రహ్మాండంగా పెడతా. నువ్వు తెల్లవార్లూ పొడిచి పొడిచి నా మార్కులు పోగొట్టినావు.”

“ఆ నాలుగన్నా నాకు కన్ను అంటుకున్నప్పుడు వచ్చినవే,” అంది రామతులసమ్మ.

ఆమెకు ఒక ఆశ పుట్టింది. ఆయనకు కావలసింది మార్కులు. తనకు కావలసింది కాగితం మీద నిజం. రెండింటికీ దారి ఒకటే. ఈసారి తను పొడవకూడదు. పొడవకుండా ఉంటే యంత్రం వింటుంది, కంప్యూటరు రాస్తుంది. కంప్యూటరు రాసిందంటే డాక్టరు నమ్ముతాడు, కొడుకు నమ్ముతాడు. అప్పుడు ఈయనకు మందో మాకో దొరుకుతుంది. ఆమె స్వయంగా ఏబేలు గారింటికి పోయి, సారూ, మళ్లొకసారి పరీక్ష పెట్టించండి అని అడిగింది. ఫెయిలైన పిల్లల తల్లులు చేసే పనే కనుక ఆయనకు అది సహజంగా అనిపించింది.

సప్లిమెంటరీ పరీక్ష ఆదివారం మధ్యాహ్నం కల్యాణ మండపంలో జరిగింది. ఫోన్లతో రమ్మంటే మణిదీప్ సంతోషంగా వచ్చాడు. ఆ నెల టార్గెటుకు అతనికి ముప్పై గురకలు తక్కువగా ఉన్నాయి. ముప్పై మూడు మంది అభ్యర్థులు పప్పు, పులిహోర, బూరెలు, పెరుగుతో భోజనాలు ముగించి, నెంబర్లు వేసిన చాపల మీద పడుకున్నారు. భార్యలు మండపానికి వంద గజాల లోపలికి రాకూడదని గేటు మీద నోటీసు అంటించారు. ఏబేలు గారు మైకు తీసుకున్నాడు.

“ప్రియమైన అభ్యర్థులారా! నిద్ర వ్యక్తిగతం, గురక సామాజికం. మీలో ప్రతి ఒక్కరూ స్వశక్తితో గురక పెట్టాలి. పక్కవాని గురక విని కాపీ కొట్టువారును, మెలకువగా ఉండి గురక పెట్టువారును కఠినంగా శిక్షింపబడుదురు. ఈ పట్టణ భవిష్యత్తు మీ ముక్కుల్లో ఉంది. నిద్రించండి!”

పావుగంటలో అభ్యర్థులు నిద్రపోయారు. ఇంకో అయిదు నిమిషాల్లో ఇన్విజిలేటర్లు నిద్రపోయారు. స్క్వాడుగా వచ్చినవాళ్లు కుర్చీలు జరుపుకుని మరీ నిద్రపోయారు.

రామతులసమ్మ వంటవాళ్లతో కలిసి వెనక నుంచి వచ్చింది. వంటింటి కిటికీ దగ్గర, బూరెల మూకుడు పక్కన నిలబడింది. హాలంతా మోగిపోతోంది. ఒకటి కుక్కరులా ఈల వేస్తోంది. ఒకటి బోరు బండికి రాయి తగిలినట్టుంది. ముప్పై మూడు గురకల్లో తన గురక ఆమెకు వెంటనే తెలిసింది. మూడో వరస, గోడవైపు.

అది ఆగింది.

లాభం. రెండు. మూడు. ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. ఆరు. ఆరున్నొకటి. పన్నెండు. విననీ, యంత్రాన్ని విననీ. పద్దెనిమిది. చూపుడువేలు దానంతట అదే లేచింది. ఆమె దాన్ని రెండో చేత్తో అదిమి పట్టుకుంది. ఇరవై రెండేళ్లలో పద్దెనిమిది దాటి లెక్కపెట్టడం ఇదే మొదలు. పంతొమ్మిది అంకె ఆమెకు కొత్త ఊరిలా ఉంది. ఇరవై నాలుగు. చుట్టూ ముప్పై రెండు గురకలు హాయిగా సాగుతున్నాయి. ఇరవై తొమ్మిది. రాసుకోనీ. ముప్పై ఒకటి. ఇంకొక్కటి. ముప్పై మూడు.

ముప్పై అయిదు దగ్గర ఆమె చేతికి దొరికిన గరిటె పట్టుకుని పరిగెత్తింది.

గరిటె కాడ డొక్కలో దిగేసరికి ఆదినారాయణ చాప మీదనుంచి జానెడు ఎత్తు లేచి, వాన పడని చేను నీళ్లు తాగినట్టు గాలి తాగాడు. ఆ చప్పుడుకు అభ్యర్థులు లేచారు, ఇన్విజిలేటర్లు లేచారు, చివరగా స్క్వాడు లేచింది.

“ఏంది తల్లీ ఇది? పరీక్ష హాల్లోనా!” అన్నాడు ఏబేలు గారు.

“ఊపిరి ఆగిపోయినాది సారూ!”

“ఊపిరి సంగతి పరీక్ష అయినాక ఇంటి దగ్గర చూసుకోవాల. హాల్లో క్రమశిక్షణ ముఖ్యం.”

అక్కడికక్కడే మాల్‌ప్రాక్టీసు కేసు రాశారు. సాక్షులుగా నిద్రపోయినవాళ్లే సంతకాలు పెట్టారు. ఆదినారాయణను రెండేళ్లు డిబారు చేసి, నిబంధనల ప్రకారం ఆయన ఫోనులోని రికార్డింగు చెరిపేశారు. ముప్పై అయిదు దాకా సాగిన ఆ నిశ్శబ్దం కూడా అందులోనే పోయింది. ఇన్నేళ్లలో రామతులసమ్మ చేతికి చిక్కిన సాక్ష్యం అదొక్కటే.

ఆదినారాయణ ఆమెతో మాట్లాడటం మానేశాడు. రాత్రిళ్లు ఆమె పొడిస్తే మాత్రం అటు తిరిగేవాడు.

పది రోజుల తర్వాత వివరించే డిపార్టుమెంటు మేలుకుంది. ముప్పై దాటినవారందరూ వెంటనే ఒంగోలులో ఊపిరితిత్తుల డాక్టరు ముందు హాజరు కావాలని ఫోన్లకు సందేశం వచ్చింది. ఊరు దాన్ని ఇంటర్వ్యూగా అర్థం చేసుకుంది. పాసైన నలభై మంది కొత్త బట్టలు కట్టుకుని, దండలు వేసుకుని, మేళాలతో బస్సెక్కారు. యల్లయ్య ఒక్కడే రాలేదు. మిగతా రెండు వందల రెండుమందినీ వదిలి తనొక్కడే రావడం న్యాయం కాదన్నాడు.

దండలు వేసుకుని స్టేజీ ఎక్కడుందని అడుగుతున్న నలభై మందిని చూసి ఒంగోలు డాక్టరు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత నిదానంగా చెప్పాడు.

“ఇవి మార్కులు కావు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతుందో ఆ లెక్క. గోవిందయ్య గారూ, మీకు గంటకు యాభై ఎనిమిదిసార్లు ఆగుతోంది. ఇట్లాగే వదిలేస్తే నిద్రలోనే గుండె ఆగిపోవచ్చు.”

గోవిందయ్య దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. “రీవాల్యుయేషన్‌లో ఏమన్నా తగ్గుతాయా సార్?” అని అడిగాడు.

వాళ్లు ముక్కుకు తగిలించుకునే గాలి మిషన్లు రాయించుకుని, మేళాలు లేకుండా తిరిగి వచ్చారు. రాత్రికి రాత్రే గేటు దగ్గర ఫ్లెక్సీ దిగింది. కోచింగ్ సెంటరు బోర్డు తిప్పి రాసుకుంది, ఇకమీదట గురక మాన్పించబడునని. పాఠాలు చెప్పేవాళ్లు మాత్రం వాళ్లే. ఏబేలు గారిని ఎవరూ తప్పు పట్టలేదు. పరీక్షా విధానం మారిందనీ, ఇప్పుడు నడుస్తున్నది మైనస్ మార్కుల పద్ధతి అనీ ఆయన పత్రికా ప్రకటన ఇచ్చాడు.

కొత్త పద్ధతిలో పట్టణం ఫస్టు ఎవరంటే, ఆదినారాయణ. నాలుగు.

ఆయన ఆ కాగితాన్ని లామినేషను చేయించి గల్లాపెట్టె వెనక గోడకు తగిలించాడు. పప్పు కొనడానికి వచ్చినవాళ్లకు ముందు అది చూపించి, తర్వాత పప్పు తూచి, మధ్యలో నిద్రపోయేవాడు.

గోవిందయ్య మాత్రం మిషను పెట్టుకుని పడుకుంటున్నాడు. నెల రోజుల్లో ఆయన మొహం తేటపడింది. ఆయన భార్య మొహం అంతకంటే తేటపడింది. రామతులసమ్మ అది చూసి ఒక పూట అన్నం వడ్డిస్తూ అడిగింది.

“మీరూ ఒకసారి ఒంగోలు పోయి చూపించుకోండి. నా మాట వినండి.”

“నాకేం రోగం? నాలుగు! పచ్చరంగు! ఊర్లో నా అంత ఆరోగ్యవంతుడు లేడని కంప్యూటరు చెప్పింది.”

“అది నేను పొడవబట్టి.”

“నువ్వు పొడిచేది కంప్యూటరుకు తెలియదా? నీకంటే తక్కువదా అది?” అని ఆదినారాయణ పెరుగు కలుపుకుంటూ కలుపుకుంటూ నిద్రపోయాడు. ఆమె అక్కడే కూర్చుని లెక్క మొదలుపెట్టింది.

ఇదివరకు ఆమె మాట నమ్మనివాళ్లు నలుగురే. ఇప్పుడు ఆమెకు వ్యతిరేకంగా లామినేషను చేసిన కాగితం ఉంది.

ఈలోగా మణిదీప్ మళ్లీ వచ్చాడు, ఈసారి మహిళల కోసం. యల్లయ్య గొర్రెల సంగతి కంపెనీకి తెలిసి, కొత్త వెర్షను తయారుచేసిందట. పక్కవాళ్ల గురకను అది పూర్తిగా తీసి పారేసి, ఎవరి ఫోనుకు వాళ్ల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. కోడలు వైష్ణవి ఒక ఫోను తెచ్చి అత్తగారి దిండు పక్కన పెట్టింది.

“నాకెందుకమ్మా?”

“ఉండనీ అత్తా. మామయ్యకు నాలుగొచ్చినాయి గదా, నీకెన్నొస్తాయో చూద్దాం.”

ఫోను రాత్రంతా విన్నది. ఆదినారాయణ గురకను తీసి పారేసింది. ఆ గురక ఆగిన చోట్లను కూడా తీసి పారేసింది. మిగిలింది చప్పుడు చేయకుండా కూర్చున్న ఒక ఆడమనిషి. యంత్రం అబద్ధం చెప్పదు. నిద్రపోని మనిషికి నిద్రలో ఊపిరి ఆగదు. పచ్చటి సున్నా మధ్యలో ఇంకో సున్నా వేసి పంపింది.

జిల్లాలో ఇంతవరకు ఎవరికీ సున్నా రాలేదు. మార్కాపురంలో తక్కువలో తక్కువ రెండు. ఊరి గౌరవం నిలబడింది. రామతులసమ్మకు “సుఖనిద్రా శిరోమణి” బిరుదు ఇచ్చి సన్మానం చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. భర్తను ఒంగోలు తీసుకుపోవడానికి ఆమె తోడు రమ్మంటే ఒక్కరూ రాలేదు కానీ, సన్మానానికి మూడు వందల కుర్చీలు చాలలేదు.

సాయంత్రం ఆరింటికి మొదలైన సభలో ఏబేలు గారు ముప్పావుగంట మాట్లాడాడు.

“నేటి సమాజంలో సుఖంగా నిద్రించు స్త్రీ అరుదు. భర్త గురక పెట్టినను, ప్రపంచము తలకిందులైనను చలించక, పడుకున్నది పడుకున్నట్టే తెల్లవారు ఈ ఇల్లాలు మనకందరికీ ఆదర్శం. అమ్మా, తమరి గాఢనిద్ర రహస్యమేమో రెండు మాటల్లో సెలవివ్వండి!”

రామతులసమ్మ మైకు ముందు నిలబడింది. భుజాల మీద శాలువా, చేతిలో చెక్క జ్ఞాపిక.

“నేను ఆ రాత్రి నిద్రపోలేదు సారూ,” అంది. “ఏ రాత్రీ పోలేదు. ఈయనకు ఊపిరి ఆగుతాదని కాపలా ఉంటా.”

హాలు ఒక్కసారిగా నవ్వింది. గాఢంగా నిద్రపోయేవాళ్లకే ఇంత సరసం ఉంటుందని ఎవరో అన్నారు. వెనక వరసలో ఎవరో ఈల కూడా వేశారు.

ముందు వరసలో, పట్టుపంచె కట్టుకుని కూర్చున్న ఆదినారాయణ ఏబేలు గారి ఉపన్యాసం మధ్యలోనే నిద్రలోకి జారుకున్నాడు. తల వెనక్కి వాలింది, నోరు తెరుచుకుంది. ఆమెకు స్టేజీ మీదికి ఆ గురక సన్నగా వినబడుతోంది. నవ్వులు సద్దుమణిగేసరికి అది లేదు. లాభం, రెండు, మూడు. అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి. మూడు వందల మంది చప్పట్లు. అందులో ఒక మనిషి ఊపిరి తిరిగి మొదలైందో లేదో ఎట్లా వినబడుతుంది?

ఆమె చెయ్యి ఎత్తి, “కొంచెం ఆపండి, చప్పట్లు ఆపండి,” అని వేడుకుంది.

ఆమె వినయానికి జనం కరిగిపోయారు. ఇంకా గట్టిగా కొట్టారు.

రామతులసమ్మ మైకు వదిలేసి మెట్లు దిగింది. శాలువా ఒక మెట్టు మీద జారిపోయింది. ఆమె నేరుగా ముందు వరసకు పోయి, జ్ఞాపిక మొనతో భర్త కుడి డొక్కలో పొడిచింది. ఆదినారాయణ గుర్రుమని గాలి లాగి, కళ్లు తెరిచి, అటూ ఇటూ చూశాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. ఎందుకో ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా కనబడలేదు. ఆయనా లేచి నిలబడి, అందరికంటే గట్టిగా కొట్టాడు.